మూడో తలుపు దగ్గర ఊఁ

మా ఇంట్లో ఒక స్టీలు గ్లాసు ఉంది. గిన్నెల మీదా గ్లాసుల మీదా ఇంటివాళ్ళ పేర్లు చెక్కించడం మామూలే. దీని మీద మాత్రం నా పేరు లేదు. "ఊఁ" అని ఒక్క అక్షరం ఉంది. నేను రిటైరైన రోజు ఆఫీసువాళ్ళు ఇచ్చిన కానుక అది. చుట్టాలొచ్చినప్పుడు మంచినీళ్ళిస్తే, తాగేసి, గ్లాసు అటూ ఇటూ తిప్పి, "ఇదేంటండీ, చెక్కేవాడు మధ్యలో వదిలేసి పోయాడా?" అని అడుగుతుంటారు. మా ఆవిడ నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోతుంది. నేను ఏదో ఒకటి చెప్పి దాటేస్తాను. ఈ మధ్య వీడియో గేముల పనిలోకి రావాలని ఉబలాటపడే పిల్లలు నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. కనీసం వాళ్ళ కోసమైనా ఈ గ్లాసు సంగతి పూర్తిగా రాసిపెడదామనిపించింది.

తిరువూరులో వీడియో గేముల ఆఫీసేంటని మీకు అనుమానం రావచ్చు. మాకూ మొదట్లో ఆ అనుమానం ఉండేది. మెయిన్ రోడ్డు మీద ఒక విత్తనాల కొట్టు, దాని పైన రెండు గదులు, అందులో ఐదుగురం. మా బాసు ఒకప్పుడు నా దగ్గర ఇంటర్ లెక్కలు నేర్చుకున్నవాడే. హైదరాబాదులో గేముల కంపెనీలో కొన్నేళ్ళు పనిచేసి, ఇంటి నుంచే పని చేసుకోవచ్చని అందరూ సొంతూళ్ళకు చేరిన రోజుల్లో తనూ వచ్చి, ఇక్కడే సొంతంగా మొదలుపెట్టాడు. నేను అప్పటికి ఇరవై ఏళ్ళకు పైగా ప్రైవేటు కాలేజీల్లో లెక్కలు చెప్పి గొంతు అరగదీసుకుని ఉన్నాను. ఒకరోజు ఇంటికొచ్చి, "సార్, పరీక్షల్లో మమ్మల్ని ఏడిపించారు గదా. అదే పని ఇప్పుడు జీతమిచ్చి చేయిస్తా, రండి" అన్నాడు. అలా యాభై దాటాక పజిళ్ళు కట్టేవాణ్ణయ్యాను. క్లాసులో "ఒరేయ్" అని పిలిచినవాణ్ణి ఆఫీసులో ఏమని పిలవాలో తెలియక, మొదటి ఆర్నెల్లు అసలేమీ పిలవకుండానే నెట్టుకొచ్చాను.

మేం చేస్తున్నది ఫోనులో ఆడుకునే సాహసాల ఆట. అందులో నాయిక ఒక పదహారేళ్ళ అమ్మాయి. వాళ్ళ తాత కాలవ లస్కరు, అంటే గట్టు వెంట తిరుగుతూ గేట్లు ఎత్తుతూ దించుతూ నీళ్ళు వదిలే ఉద్యోగి. ఒక ఏడు కాలవలో నీళ్ళు మాయమైపోతాయి. పాత కోట కింద ఉన్న సొరంగాల్లో వాటిని వెతుక్కుంటూ ఈ పిల్ల బయలుదేరుతుంది. సగం ఆట పరుగులూ గెంతులూ మొసళ్ళూ, మిగతా సగం మూసుకున్న తలుపులు. పరుగులన్నీ పెనుగొలను నుంచి రోజూ స్కూటీ మీద వచ్చే ఒక అమ్మాయి చూసుకునేది. తలుపులన్నీ నావి. ఎంతసేపు పరిగెత్తించాలి, ఎక్కడ ఆపి ఆలోచింపజేయాలి అన్నదాని మీద మా ఇద్దరికీ రోజూ వాదన నడిచేది. పరుగు ఎక్కువైతే ఆడేవాడి వేళ్ళు అలిసిపోతాయి, తలుపులు ఎక్కువైతే బుర్ర అలిసిపోయి ఫోను పక్కన పడేస్తాడు. ఆ పాళ్ళు కుదరడం పులుసులో ఉప్పు వేసినంత తేలిక కాదు. ఎవరి నాలుకకు వాళ్ళదే రుచి.

అప్పటికి తయారైన మూడు తలుపుల్లో నాకు బాగా ఇష్టమైంది మూడోది. ఒక తొట్టె, దానికి ఒక గేటు, తొట్టెలో తేలుతూ ఒక చెక్క. గేటు మూస్తే నీళ్ళు పైకి వస్తాయి, చెక్క పైకి తేలి తలుపు గడియను ఎత్తేస్తుంది. ఏం చేయాలో చెప్పడానికి గోడ మీద మూడు కుండలు చెక్కించాను, ఒకటి ఖాళీ, ఒకటి సగం, ఒకటి నిండుకుండ. ఆ కుండల బొమ్మలు గీయడానికే వారం పట్టింది. వాటిని చూసుకుని నేనెంత మురిసిపోయానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

ఆట తయారవుతున్నప్పుడు, దాని సంగతేమీ తెలియనివాళ్ళ చేత ఆడించి చూడాలి. ఇది ఈ పనిలో మొదటి నియమం. పక్కన కూర్చోవాలి, చూడాలి, రాసుకోవాలి, నోరు మాత్రం మెదపకూడదు. మా ఆఫీసు కిందే విస్సన్నపేట వెళ్ళే షేర్ ఆటోలు ఆగేవి. సీట్లు నిండేదాకా డ్రైవర్లకు పనేముంటుంది? టీ, మిరపకాయ బజ్జీలు చూపించి పైకి పిలిచేవాళ్ళం. పక్కన కూర్చునే డ్యూటీ నాది. పరీక్ష హాళ్ళలో ఇన్విజిలేటరుగా అన్నేళ్ళు తిరిగినవాణ్ణి, నోరు కట్టుకుని కూర్చోవడంలో నన్ను మించినవాడు లేడని మా బాసు నమ్మకం. నా నమ్మకం అంతకంటే పెద్దది.

మూడో తలుపును నలుగురి చేత తీయించాం. నలుగురూ రెండు నిమిషాల్లోపే తీసేశారు. నేను నోట్‌బుక్‌లో గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాను. పరుగులు చూసే అమ్మాయి ఆ పేజీ చూసి, "సార్, మరీ తేలిగ్గా ఉందండీ ఇది. మొసలి నుంచి తప్పించుకుని అంత ఆయాసపడి వస్తే, ఇక్కడ రెండు నిమిషాల్లో అయిపోతే చప్పగా ఉంటది. ఆ గదిలో గబ్బిలాలు పెడతా" అంది.

"పెట్టుకోమ్మా. నా తలుపుకేం కాదు" అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. గబ్బిలాలకు ఒప్పుకున్నది నేనే.

ఆ వారంలోనే మాకు డబ్బు పెట్టే పబ్లిషర్ల తరఫున ఒక మేడమ్ ఫోను చేసింది. ఆవిడ మాట మెత్తగా ఉండేది, విషయం మాత్రం సూటిగా చెప్పేది. "వచ్చే శుక్రవారం నేనే వస్తానండి. ఆట అస్సలు చూడనివాళ్ళను నేనే ఎంచుకుని నా ఎదురుగా ఆడిస్తాను. తలుపుల దగ్గర జనం ఇరుక్కుపోతున్నారంటే, ఆ తలుపులన్నీ తీసేసి పరుగుల ఆటగా మార్చేద్దాం. అలాంటివి బాగానే ఆడుతున్నారు జనం" అంది. ఫోను స్పీకర్లో ఉంది. గదిలో ఎవరూ నా వైపు చూడలేదు. చూడకపోవడంలోనే అందరికీ అర్థమైందని నాకు తెలిసింది. తలుపులు పోతే, తలుపులు కట్టేవాడితో ఏం పని? మూడేళ్ళ పని, దానితో పాటు యాభై దాటాక దొరికిన ఈ కొత్త బతుకు, రెండూ ఒకే తలుపు మీద ఆగాయి. అయినా నాకు భయం వేయలేదు. నలుగురికి నలుగురూ రెండు నిమిషాల్లో తీశారు కదా.

సోమవారం పొద్దున నా దవడ పన్ను పీకారు. రాత్రంతా సలిపితే ఇక తప్పక వెళ్ళాను. డాక్టరు పన్ను పీకిన చోట దూది కుక్కి, "సాయంత్రం దాకా గట్టిగా కరిచి పట్టుకోండి. మాట్లాడొద్దు, ఊ, ఆ కూడా అనొద్దు" అన్నాడు. బుగ్గ బూరెలా ఉబ్బింది. ఇంట్లో పడుకుని ఉండాల్సింది, కానీ గబ్బిలాలు పెట్టాక మూడో తలుపును ఆ రోజే చూడాలి. ఆఫీసుకు వెళ్ళి నా కుర్చీలో నేను కూర్చున్నాను.

మొదటి డ్రైవరు పది నిమిషాలు తడుముకుని లేచిపోయాడు. రెండో అతను గబ్బిలాలను తిట్టుకుని ఫోను కింద పెట్టేశాడు. మూడో అతను విత్తనాల కొట్టులో పనిచేసే గుమాస్తా. గేటు దాకా వెళ్తాడు, వెనక్కి వస్తాడు, మళ్ళీ వెళ్తాడు, నా మొహంలోకి చూస్తాడు, మళ్ళీ వెనక్కి వస్తాడు. చివరికి, "కొట్లో మనుషులొచ్చారండీ" అని దిగిపోయాడు.

నాకు కోపం నెత్తికెక్కింది. నోట్లో దూది, అరవడానికి లేదు. లేచి వెళ్ళి, గోడకున్న తెల్ల బోర్డు మీద ఎర్ర మార్కరుతో "గబ్బిలాలు!!" అని ఇంత పొడుగు అక్షరాలు రాసి, కింద రెండు గీతలు గీసి, మార్కరుతోనే ఆ అమ్మాయిని చూపించాను. గదిలో అందరూ ఉన్నారు. అదే నోటితో అని ఉంటే గాలికి పోయేది. రాసింది కాబట్టి అక్కడే ఉండిపోయింది. ఆమె మొహం చిన్నబోయింది. ఒప్పుకున్నది మీరే కదా అని ఒక్క మాట అనలేదు. తన సీట్లో కూర్చుని, గంటలో గబ్బిలాలన్నీ తీసేసి, "ఇప్పుడు చూడండి సార్" అని మాత్రం అంది.

మధ్యాహ్నం ఇంకో డ్రైవరు వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, సరదా మనిషి. ముందు వారం మొదటి రెండు తలుపులూ నా పక్కనే కూర్చుని చకచకా తీసినవాడు. మూడోది చూడడం అదే మొదటిసారి. గబ్బిలాలు లేవు, గది నిశ్శబ్దంగా ఉంది, గోడ మీద నా కుండలు మిలమిలా మెరుస్తున్నాయి. అతను ఆ కుండల వంకైనా చూడలేదు. ఐదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. ఫోను బల్ల మీద పెట్టేసి, "ఇవాళ నావల్ల కాదండీ" అన్నాడు.

"పోయినసారి అంత బాగా ఆడావు గదా అన్నా, ఇవాళేమైంది?" అని అడిగింది ఆ అమ్మాయి.

అతను నా వైపు చూసి నవ్వాడు. "పోయినసారి సార్ ఊఁ అన్నారు గదండీ. ఇవాళ అన్లా."

"ఊఁ అనడమేంటి?"

"అదేనండీ. మనం సరైన చోటుకి పోతే సార్ 'ఊఁ' అంటారు. తప్పు చోటుకి పోతే ఏమీ అనరు. మా స్టాండులో అందరికీ తెల్సు. బొమ్మ చూడక్కర్లేదు, సార్ని వింటే చాలని చెప్పుకుంటాం. ఇవాళ పన్ను నొప్పంట గదా, అందుకే నేనూ ఏమనుకోలా."

క్లాసులో పిల్లాడు బోర్డు దగ్గర లెక్క చేస్తుంటే, సరైన మెట్టు పడినప్పుడల్లా వెనక నుంచి "ఊఁ" అంటాను. వాడికి ధైర్యంగా ఉంటుందని. ఇరవై ఏళ్ళు అన్నాను. పరీక్ష హాల్లో అనలేదు, ఎందుకంటే అక్కడ పిల్లల పేపర్లు నేను చదవను. ఇక్కడ తెర కనిపిస్తోంది, ఆట నాదే, అడుగు సరిగ్గా పడుతోంది. మనవాళ్ళకు ఎవరైనా ఏదైనా చెబుతుంటే ఊఁ కొట్టకపోతే మర్యాద కాదు కూడా. నా నోరు నాకు తెలియకుండానే పని చేసుకుపోయింది. నలుగురు రెండు నిమిషాల్లో తీసింది తలుపును కాదు, నన్ను. తేలిగ్గా ఉందనుకునే గబ్బిలాలు వచ్చాయి. అంతా నా నోటి నుంచి మొదలై తిరిగి నా దగ్గరికే వచ్చింది.

ముందు నవ్వింది మా బాసే. "కరెక్టే సార్! ఇంటర్లో నేను కూడా మీ ఊఁ వినే చేశా లెక్కలు" అని బల్ల కొట్టి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బోర్డు మీద ఆ ఎర్ర అక్షరాలు అలాగే ఉన్నాయి. లేచి వెళ్ళి తుడిచాను. ఎర్ర మార్కరు తొందరగా పోదు, మరక మిగిలింది. డాక్టరు మాట కాదని దూది తీసి పారేసి, ఆమె దగ్గరకు వెళ్ళి, "తప్పు నాదమ్మా. నలుగురిలో రాశాను, నలుగురిలోనే చెప్తున్నా. నన్ను క్షమించు" అన్నాను. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది.

"అయ్యో, కూర్చోండి సార్, రక్తం కారుతోంది" అని నీళ్ళ గ్లాసు అందించింది. అంతే. ఆ తర్వాత ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. నేనైతే ఆరు నెలలు సాధించేవాణ్ణి.

శుక్రవారానికి నాలుగు రోజులు. ఆ సాయంత్రం, బుగ్గ మీద ఐసు పెట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాను. మనసులో ఉన్నది అడిగేశాను. "నీకేం నష్టమమ్మా? తలుపులు పోతే ఆటంతా నీదే అవుతుంది."

"ఊరికే పరిగెత్తించి ఏం చేసుకుంటానండీ? పెనుగొలను నుంచి వచ్చేటప్పుడు దార్లో ఒకచోట టీకి ఆగుతా. ఆగకపోతే అంత దూరం వచ్చినట్టే ఉండదు నాకు. మీ తలుపులు ఉండాల్సిందే. కాకపోతే ఆ కుండలే..." అని ఆగింది.

"చెప్పు."

"వెనకాల మొసలి తరుముకొస్తే, గోడ మీద కుండలెవరు చూస్తారు సార్? గుండె దడదడలాడుతూ ఉంటది. ఆ గేటూ ఆ చెక్కా ముందే చేతికి తెలిసుండాలి. ముందు చేత్తో తెలియనిద్దాం, తర్వాత బుర్రనడుగుదాం."

ఆమె ఆలోచన ఇది. మొసలి తరుముతున్నప్పుడే, దారిలో అలాంటిదే ఒక గేటు ఉంటుంది. ప్రాణభయంతో దాన్ని దించేస్తే మొసలి అవతల ఆగిపోతుంది. గేటు మూసుకుంది కాబట్టి నీళ్ళు పెరుగుతాయి, కాళ్ళ కింద చెక్క పైకి తేలుతుంది, ఆ పిల్ల గట్టు మీదకు దూకేస్తుంది. ఆడేవాళ్ళకు తాము ఏదో నేర్చుకున్నట్టే తెలియదు, బతికి బయటపడ్డామని మాత్రమే తెలుస్తుంది. ఆ తర్వాత మూడో తలుపు గది. అక్కడ మొసలి లేదు, గబ్బిలాలు లేవు, ఊపిరి పీల్చుకోవడానికి నిశ్శబ్దం. అదే గేటు, అదే చెక్క. నా కుండలు అక్కర్లేదు.

కుండలు తీసేయడానికి నాకు ఒక పూటంతా పట్టింది. తీసేయడం ఒక్క నొక్కు పని, మనసు ఒప్పుకోవడానికి పట్టింది మిగతా అంతా. మంగళ, బుధ, గురువారాలు ఇద్దరం కలిసి పనిచేశాం. పరుగు ఎక్కడ ఆగాలో నేను చెబితే ఆమె వింది, తలుపు ఎక్కడ మొదలవ్వాలో ఆమె చెబితే నేను విన్నాను. మూడేళ్ళలో మేం వాదించుకోకుండా పనిచేసిన రోజులు ఆ మూడే. నిజం చెప్పాలంటే నా ఉద్యోగంలో నాకు బాగా నచ్చిన రోజులు కూడా అవే, తలుపు ఉంటుందో పోతుందో తెలియకపోయినా.

శుక్రవారం పదకొండు గంటలకు మేడమ్ వచ్చింది. టీ కూడా తాగకుండా కిందకు దిగి, రోడ్డు మీదకు వెళ్ళి, ఐదు నిమిషాల్లో ఒకావిడను వెంటబెట్టుకుని వచ్చింది. నర్సు. డ్యూటీ దిగి ఎ.కొండూరు బస్సు కోసం నిలబడిందట. నలభై ఏళ్ళుంటాయి, భుజానికి క్యారేజీ సంచి.

"బస్సొస్తే మాత్రం వెళ్ళిపోతానండీ. ఇంటికెళ్ళి వంట చేసుకోవాలి" అని ముందే చెప్పి కూర్చుంది.

మేడమ్ మా అందరి వైపూ చూసి, "ఎవరూ మాట్లాడకూడదండి" అంది. గదిలో ఉన్నవాళ్ళందరూ నన్నే చూశారు.

నన్ను బయటకు పంపేద్దామని మా బాసు ముందురోజే అన్నాడు. నేను ఒప్పుకోలేదు, నా తలుపు సంగతి నా కళ్ళతోనే చూడాలి. దానికో ఉపాయం చేశాను. ఆఫీసు స్టీలు గ్లాసు ఎత్తి, నోటి నిండా నీళ్ళు పట్టుకుని, మింగకుండా కూర్చున్నాను. నీళ్ళు పుక్కిట ఉన్నంతసేపు ఊఁ అనడం ఎవరి తరమూ కాదు.

నర్సు నెమ్మదిగానే మొదలుపెట్టింది. మొదటి తలుపు, రెండో తలుపు దాటింది. మొసలి రాగానే "అమ్మో ప్రభువా" అని కుర్చీలో వెనక్కి జరిగి, చేతికందిన గేటు దించేసింది. చెక్క తేలింది, పిల్ల దూకేసింది. ఆవిడ ఒక నిట్టూర్పు విడిచి, కొంగుతో మొహం తుడుచుకుంది. మూడో గదిలోకి వచ్చింది. నిశ్శబ్దం.

అటు తిరిగింది, ఇటు తిరిగింది. తలుపును తోసింది. గోడలు వెతికింది, కుండలుండాల్సిన చోట కూడా. రెండు నిమిషాలు దాటాయి. నా దవడ నొప్పెడుతోంది, నీళ్ళు గోరువెచ్చగా అయిపోయాయి. ఆవిడ గేటు దగ్గరికి వెళ్ళింది. నా గొంతులో ఏదో కదిలింది, పెదాలు బిగించాను. ఆవిడ గేటు దాటి వెళ్ళిపోయింది. పరుగులు చూసే అమ్మాయి కిటికీ పక్కన గోళ్ళు కొరుక్కుంటోంది. మేడమ్ పెన్ను కాగితం మీదకు వెళ్ళింది.

అప్పుడే కింద బస్సు హారన్ మోగింది. "ఎ.కొండూరు, ఎ.కొండూరు" అని కండక్టరు కేక. ఆవిడ తలెత్తింది. చెయ్యి సంచి మీదకు వెళ్ళింది. ఇక అయిపోయిందనుకున్నాను. మూడేళ్ళూ కళ్ళ ముందు నుంచి బస్సెక్కి వెళ్ళిపోతున్నట్టే అనిపించింది.

"బస్సొచ్చినట్టుందండీ" అంది మేడమ్.

ఆవిడ తెర మీద నుంచి చూపు తిప్పలేదు. "పోనీయండి, ఇంకోటొస్తది" అని, సంచి మీది చెయ్యి తీసి మళ్ళీ ఫోను పట్టుకుంది. తొట్టెను చూసింది, చెక్కను చూసింది. ఆ పిల్లను వెనక్కి తిప్పి, గేటు దగ్గరకు తీసుకెళ్ళింది. గేటు దించింది. నీళ్ళు పెరిగాయి, చెక్క లేచింది, గడియ కదిలింది.

"ఊఁ" అంది ఆవిడ.

ఎవరితోనూ కాదు, తనలో తనే. తలుపు తెరుచుకుంది. నేను నీళ్ళు గుటుక్కున మింగేశాను, ఆ చప్పుడు గదంతా వినిపించింది.

మేడమ్ రాసిందేదో కొట్టేసి, పుస్తకం మూసి, "నాలుగో తలుపు ఎక్కడిదాకా వచ్చిందండీ?" అని నన్ను అడిగింది. నేను గ్లాసు బల్ల మీద పెట్టి మూతి తుడుచుకుంటున్నాను.

"రేపట్నుంచి మొదలెడుతున్నామండీ, సారూ నేనూ" అంది కిటికీ దగ్గర అమ్మాయి.